అజాన్ ఎలా మొదలైంది: కల, సలహా, ఒక ఇంటి కప్పు

ఒకరు నన్ను అడిగిన ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. నమాజు పిలుపు అజాన్ కలలో వచ్చిందని ఒక స్నేహితుడు చెప్పారట, కాదు అది ప్రవక్త ముహమ్మద్ సహచరుడు, తర్వాత రెండో ఖలీఫా అయిన ఉమర్ ఇచ్చిన సలహా అని ఇంకొకరు అన్నారట, ఏది నిజం? మొదటి రోజుల్లో కూడా మీనారు ఎక్కే పిలిచేవారా? ప్రవక్త దగ్గర నమాజుకి పిలిచే బిలాల్ అజాన్ ఇవ్వని రోజు సూర్యుడే పొడవలేదన్న కథకి ఆధారం ఉందా?

మూడోదానికి జవాబు ఒక్క ముక్కలో చెప్పేస్తాను: లేదు. రెండోది కూడా సులువే: మీనారు లేదు, పక్కింటి కప్పు ఎక్కి పిలిచేవారు. మొదటిదే అసలు చిక్కు.

నేను కాలేజీలో మధ్యయుగ చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ణి. అరబిక్ నేర్చుకున్నది ఈ పాత గ్రంథాల కోసమే. ఏది సరైన అజాన్ అని తీర్పు చెప్పడం నా పని కాదు, దానికి ఆలిమ్‌లు (మత పండితులు) ఉన్నారు. పుస్తకాల్లో ఏముందో, చరిత్ర చదివేవాడికి అందులో ఏం కనపడుతుందో అంతవరకే చెబుతాను.

మక్కాలో ఉన్నన్నాళ్లూ నమాజు ఉంది, పిలుపు లేదు. మక్కాలో పెత్తనం చేసే ఖురైష్ తెగ పెద్దల కంట పడకుండా నలుగురు ఒకచోట చేరడమే గగనమైన రోజుల్లో కేకేసి పిలవాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? 622లో మదీనా చేరాక సంగతి మారింది. బాహాటంగా మసీదు కట్టుకున్నారు. పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మొద్దుల స్తంభాలు, పైన ఖర్జూరపు మట్టలు. మన తాటాకు పాకకి పెద్ద వాకిలి పెట్టినట్టు ఊహించుకోండి. అప్పటి మదీనా ఒకే దగ్గర కుదురుగా ఉన్న ఊరు కూడా కాదు. తోటలు, పొలాలు, వాటి మధ్య ఒక్కో తెగకి ఒక్కో వాడ, అక్కడక్కడా బురుజుల్లాంటి మేడలు. తోటలో నీళ్లు తోడుతున్న మనిషికి మసీదులో నమాజు మొదలైందో లేదో తెలియాలంటే ఎలా? గడియారం లేదు. నీడ చూసుకుని, ఆకాశం చూసుకుని ఎవరి అంచనాకి వాళ్లు వచ్చేవారు. కొందరు ముందు వచ్చి కూర్చునేవారు, కొందరు అయిపోయాక వచ్చేవారు.

ఈ మధ్యలో ఒక దశ ఉంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. ఇబ్న్ సఅద్ తన జీవితచరిత్రల సంకలనంలో రాసిన ప్రకారం, అజాన్ రాకముందు ప్రవక్త తరఫున ఒక మనిషి 'అస్సలాతు జామిఅహ్' అని కేకవేసేవాడు. నమాజుకి అందరూ చేరండి అని దాని భావం. మన ఊళ్లలో దండోరా వేసేవాడు గుర్తున్నాడా? పంచాయితీ ఉందనో, రేపు శిస్తు వసూలనో టముకు కొట్టి చెప్పేవాడు. అరబ్బు తెగల్లోనూ అలాంటి 'మునాదీ' ఉండేవాడు, విందుకో సభకో పిలవడానికి. టముకు మాత్రం ఉండేది కాదు, గొంతే. అంటే మనిషి గొంతుతో పిలవడం అజాన్‌తోనే కొత్తగా పుట్టలేదు. విచిత్రం ఏమిటంటే ఆ పాత కేక ఇప్పటికీ బతికే ఉంది. సూర్యగ్రహణం, చంద్రగ్రహణం నమాజులకి అజాన్ ఉండదు, 'అస్సలాతు జామిఅహ్' అనే పిలుస్తారు.

ఇక అసలు కథ. రెండు ప్రధాన కథనాలున్నాయి.

మొదటిది బుఖారీ, ముస్లిం అనే ఇద్దరు పండితుల హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాలు) సంకలనాల్లో ఉంది. చెప్పింది ఉమర్ కొడుకు అబ్దుల్లా. జనం వేళ అంచనా వేసుకుని వస్తున్నారు, పిలుపు లేదు. ఒకరోజు దాని గురించి మాట్లాడుకున్నారు. క్రైస్తవుల్లాగా నాఖూస్ పెట్టుకుందామని కొందరన్నారు. యూదుల్లాగా కొమ్ము ఊదుదామని కొందరన్నారు. అప్పుడు ఉమర్, "నమాజుకి పిలవడానికి ఒక మనిషినే పంపకూడదా?" అన్నారు. ప్రవక్త, "బిలాల్, లేచి నమాజుకి పిలువు" అన్నారు. అంతే. ఏ మాటలతో పిలిచాడో ఇందులో లేదు. ప్రవక్త సహచరుడు అనస్ చెప్పిన ఇంకో హదీసులో నిప్పు రాజేద్దామన్న సలహా కూడా వస్తుంది. అబూ దావూద్ అనే ఇంకో పండితుడి హదీసు సంకలనంలో జెండా ఎగరేద్దామన్న సలహా ఉంది. అది చూసిన వాళ్లు చూడని వాళ్లకి చెప్పుకుంటారట. తెల్లవారుజామున నిద్రలో ఉన్నవాడికి జెండా ఏం కనపడుతుందని ఎవరూ అడిగినట్టు లేదు గానీ, ప్రవక్తకి అది నచ్చలేదని మాత్రం ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. నాఖూస్ అన్న మాటని చాలా అనువాదాల్లో 'గంట' అని రాసేస్తారు. చదివేవాడికి వెంటనే చర్చి గోపురం మీద వేలాడే ఇత్తడి గంట మెదులుతుంది. అది కాదు. అప్పటి తూర్పు దేశాల చర్చిల్లో పొడుగాటి చెక్క పలకని కర్రతో కొట్టేవారు. నాఖూస్ అంటే ఆ చెక్క. లోహపు గంటలు అక్కడి చర్చిల్లోకి చాలా ఆలస్యంగా వచ్చాయి. ఈ చిన్న సంగతి తెలియకపోతే రెండో కథనం సరిగా అర్థం కాదు.

రెండో కథనం ఇబ్న్ ఇస్‌హాక్ రాసిన ప్రవక్త జీవితచరిత్రలో, అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లో ఉంది. మదీనా మనిషి, ఖజ్‌రజ్ తెగకి చెందిన అబ్దుల్లా బిన్ జైద్‌కి కల వచ్చింది. అప్పటికే ప్రవక్త ఒక నాఖూస్ చెక్కించమన్నారని ఇబ్న్ ఇస్‌హాక్ రాశారు. గంట అనుకుంటే ఈ 'చెక్కించడం' ఏమిటో తెలియదు. కలలో రెండు పచ్చని వస్త్రాలు కట్టుకున్న మనిషి చేత్తో నాఖూస్ పట్టుకుని పోతున్నాడు. "దీన్ని అమ్ముతావా?" అని అడిగాడు అబ్దుల్లా. "ఏం చేసుకుంటావు?" "నమాజుకి పిలవడానికి." "దానికంటే మంచిది చెప్పనా?" అని అజాన్ మాటలన్నీ చెప్పాడు ఆ మనిషి. తెల్లారి వచ్చి చెబితే ప్రవక్త, ఇది నిజమైన కల, వెళ్లి బిలాల్‌కి నేర్పు, అతని గొంతు నీ గొంతు కంటే బాగా సాగుతుంది అన్నారు. బిలాల్ పిలుస్తుంటే ఇంట్లో ఉన్న ఉమర్ విని, పైబట్ట నేలమీద ఈడ్చుకుంటూ వచ్చి, నాకూ ఇదే కల వచ్చిందన్నారు.

రెండిటికీ పొంతన కుదిర్చే ప్రయత్నాలు పూర్వమే జరిగాయి. 12వ శతాబ్దపు పండితుడు ఖాజీ ఇయాజ్ మాట ప్రకారం, మొదటి కథలో బిలాల్ ఇచ్చింది ఉత్త ప్రకటన, ఇప్పుడున్న అజాన్ కాదు. ముందు సలహా, తర్వాత కల. మీ స్నేహితులిద్దరికీ ఈ జవాబు సరిపోవచ్చు. సున్నీ మదరసాలో అడిగినా దాదాపు ఇదే చెబుతారు.

షియాలు కల కథని ఒప్పుకోరు. ఆరాధనలో ఇంత ముఖ్యమైన భాగం ఎవరో ఒక మనిషి కలలోంచి రావడమేమిటని వాళ్ల ప్రశ్న. అల్-కులైనీ (మరణం 941) సంకలనంలో షియాల ఆరో ఇమామ్ జాఫర్ సాదిఖ్ పేరు మీద వచ్చిన కథనం వేరు. ప్రవక్త తన అల్లుడు, షియాల మొదటి ఇమామ్ అయిన అలీ ఒడిలో తల పెట్టుకుని ఉండగా జిబ్రీల్ దూత అజాన్ తెచ్చాడు. లేచాక ప్రవక్త, "అలీ, విన్నావా? గుర్తుందా? అయితే బిలాల్‌ని పిలిచి నేర్పు" అన్నారు.

ఇప్పుడు చరిత్ర విద్యార్థిగా నాకు కనపడేది చెబుతాను. ఒక కథలో ఉమర్ సలహా ఇస్తారు. ఇంకోదాంట్లో మదీనా స్థానికుడు కల కంటాడు, ఉమర్ అవునంటారు. మూడోదాంట్లో అలీ వింటారు. ప్రతి వర్గమూ తనకి దగ్గరి మనిషిని ఆ క్షణంలో ప్రవక్త పక్కన కూర్చోబెట్టుకుంది. కల కథ చెప్పింది అబ్దుల్లా బిన్ జైద్ సొంత కొడుకే. అబ్దుల్లా నుంచి వచ్చిన హదీసుల్లో నికరమైనది ఇదొక్కటే తెలుసునని తిర్మిజీయే రాశారు. ఇంటి గొప్పని ఇల్లు గుర్తుపెట్టుకుంది, అందులో తప్పేం లేదు. అది అబద్ధమని నేననను. ఆ కథ ఏ దారిన మన దాకా వచ్చిందో తెలిసి చదవమంటాను. పైగా ఈ పుస్తకాలన్నీ వందేళ్లు దాటాక రాసినవి: ఇబ్న్ ఇస్‌హాక్ 767లో, బుఖారీ 870లో, అబూ దావూద్ 889లో పోయారు. అయితే మూడు కథలూ చివరికి ఒకే మనిషి దగ్గర ఆగుతాయి. పిలిచింది బిలాల్. ఆ ముక్కలో తగాదా లేదు. చోటు మదీనా, కాలం హిజ్రీ (మదీనా చేరిన ఏడాది నుంచి లెక్కించే శకం) మొదటి ఏడాది లేదా రెండో ఏడాది, అక్కడా పెద్దగా తేడా లేదు.

ఖుర్ఆన్‌లో ఉందా అని కూడా చాలామంది అడుగుతుంటారు. మాటలు లేవు, పిలుపు ఉంది. 62వ సూరా (అధ్యాయం) 9వ ఆయత్‌లో (వాక్యంలో) శుక్రవారం నమాజుకి పిలుపు వినపడగానే బేరాలు ఆపి రమ్మని ఉంది. 5వ సూరా 58లో మీరు నమాజుకి పిలిస్తే వాళ్లు ఎగతాళి చేస్తారని ఉంది. రెండుచోట్లా వాడింది 'నిదా' అనే ధాతువు, అంటే పిలవడం. 'అజాన్' అన్న మాట 9:3లో ఉంది కానీ అక్కడ మామూలు ప్రకటన అనే అర్థం. దాని మూలం చెవి, అరబిక్‌లో 'ఉజ్న్'. మన భాషలో 'చెవిన వేయడం' అంటాం చూడండి, సరిగ్గా అదే. పిలిచేవాడు ముఅజ్జిన్, మన దగ్గర వాడుకలో మౌజన్.

ఇక ఎక్కణ్ణుంచి పిలిచేవారు? అబూ దావూద్‌లో నాకు బాగా ఇష్టమైన చిన్న హదీసు ఒకటుంది. చెప్పింది నజ్జార్ తెగకి చెందిన ఒక ఆవిడ, పేరు కూడా లేదు. "మసీదు చుట్టూ ఉన్న ఇళ్లలో మా ఇల్లే ఎత్తు. బిలాల్ ఫజర్ (తెల్లవారుజాము నమాజు) అజాన్ మా ఇంటి మీద నుంచే ఇచ్చేవాడు. తెల్లవారకముందే వచ్చి కూర్చుని తూర్పు వైపు చూస్తుండేవాడు. వెలుగు కనపడగానే ఒళ్లు విరుచుకునేవాడు" అంటుందావిడ. మహిమలు లేవు, దేవదూతలు లేరు. చలిలో మరొకరి ఇంటి కప్పు మీద కూర్చుని ఆకాశం చూస్తూ, లేచి ఒళ్లు విరుచుకునే మనిషి. ఇలాంటి పనికిరాని వివరం ఎవరూ కల్పించి రాయరు, అందుకే దీన్ని నమ్మాలనిపిస్తుంది.

పిలిచే తీరు గురించి అబూ జుహైఫా అనే ఆయన చూసి చెప్పింది తిర్మిజీలో ఉంది. బిలాల్ చెవుల్లో వేళ్లు పెట్టుకుని, నోరు ఇటూ అటూ తిప్పుతూ పిలిచేవాడు. ఈనాటికీ 'హయ్య అలస్సలాహ్' (నమాజుకి రండి) అన్నప్పుడు కుడివైపు, 'హయ్య అలల్ ఫలాహ్' (సాఫల్యానికి రండి) అన్నప్పుడు ఎడమవైపు మొహం తిప్పడం దాని నుంచి వచ్చిందే. లౌడ్‌స్పీకర్ ముందు నిలబడి తిరిగితే గొంతు మైకుకి దూరమవుతుంది తప్ప లాభం లేదు, అయినా తిరుగుతారు. మా చిన్నప్పుడు కరెంటు పోయినప్పుడల్లా మా వీధి మౌజన్ గారు మసీదు డాబా మీదకొచ్చి చెవులకి చేతులు ఆనించి పిలిచేవారు. ఆ తిరగడం ఎందుకో నాకు అప్పుడే అర్థమైంది. అటువైపు వీధి వాళ్లకి కూడా వినపడాలి కదా.

మదీనాలో బిలాల్ ఒక్కడే కాదు. ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ అని ఇంకో ముఅజ్జిన్ ఉండేవాడు, ఆయనకి చూపు లేదు. రోజా రోజుల్లో ఇద్దరి అజాన్‌లకీ పని వేరు. బిలాల్ ఇంకా చీకటి ఉండగానే పిలుస్తాడు, ఇబ్న్ ఉమ్మె మక్తూమ్ పిలిచేదాకా తినండి తాగండి అని ప్రవక్త చెప్పినట్టు బుఖారీలో ఉంది. తెల్లారింది, తెల్లారింది అని పక్కవాళ్లు చెబితే గానీ ఆయన పిలిచేవాడు కాదు. మొదటిది లేపడానికి, రెండోది వేళ చెప్పడానికి. అలారం రెండుసార్లు పెట్టుకునే అలవాటు మనదే అనుకుంటాం.

వానపడే చలి రాత్రుల్లో అజాన్‌లోనే "మీ మీ బసల్లోనే నమాజు చేసుకోండి" అని చేర్చి చెప్పించేవారు. ఇది కూడా బుఖారీలోదే. 2020 మార్చిలో కరోనా మొదలైనప్పుడు కువైట్ మసీదుల నుంచి "ఇళ్లలోనే నమాజు చేసుకోండి" అన్న అజాన్ వినపడి, ఇదేం కొత్త అని మన గల్ఫ్ తెలుగువాళ్లు కూడా వీడియోలు పంపుకున్నారు. కొత్త కాదు, పద్నాలుగు వందల ఏళ్ల నాటి వెసులుబాటు.

బిలాల్ గురించి నాలుగు మాటలు. తండ్రి రబాహ్, తల్లి హమామ, ఇథియోపియా మూలాలు, మక్కాలో పుట్టుబానిస. ఉమయ్యా బిన్ ఖలఫ్ అనే యజమాని ఎండలో పడుకోబెట్టి ఛాతీ మీద బండ పెట్టించినా 'అహద్, అహద్' (ఒక్కడే, ఒక్కడే) అన్నాడన్నది అందరికీ తెలిసిన కథ. ప్రవక్త సహచరుడు, తర్వాత మొదటి ఖలీఫా అయిన అబూ బక్ర్ విడిపించారు. 630లో మక్కా చేతికొచ్చిన రోజు ప్రవక్త బిలాల్‌ని కాబా పైకెక్కి అజాన్ ఇవ్వమన్నారు. వంశం, రంగు, పుట్టుక ఇవే లెక్కయిన ఊళ్లో నిన్నటి బానిస ఆ ఇంటి కప్పెక్కి పిలవడం చూసి పెద్ద కుటుంబాల వాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఇది వినకుండా ముందే పోయాడు, మా నాన్న అదృష్టవంతుడు అన్నాడట అత్తాబ్ బిన్ అసీద్. కొద్ది రోజుల్లోనే ఆ అత్తాబ్‌నే ప్రవక్త మక్కాకి గవర్నరుగా వేశారు.

అదే ఏడాది జరిగిన ఇంకో సంగతి అజాన్ చరిత్రకి చాలా ముఖ్యం, కానీ తెలుగులో ఎవరూ చెప్పరు. హునైన్ యుద్ధం నుంచి వస్తుంటే దారిలో కొందరు కుర్రాళ్లు ముస్లింల అజాన్‌ని వెక్కిరిస్తూ అనుకరించారు. ప్రవక్త విని వాళ్లని పిలిపించి ఒక్కొక్కరి చేత చెప్పించారు. ఒకడి గొంతు బాగుంది. పేరు అబూ మహ్‌జూరా. తిట్టలేదు. తలమీద చెయ్యి వేసి, అజాన్ మొత్తం నేర్పి, వెండి ఉన్న చిన్న సంచీ ఇచ్చి, మక్కాకి ముఅజ్జిన్‌గా పంపారు. ప్రవక్త చెయ్యి తగిలిన ముందు జుట్టుని అతను మళ్లీ కత్తిరించలేదట. తరాల పాటు ఆ ఇంటివాళ్లే మక్కాలో అజాన్ ఇచ్చారు.

ఇప్పటికీ మసీదు మసీదుకీ అజాన్‌లో కనపడే తేడాలకి ఒక మూలం ఇక్కడ ఉంది. అబూ మహ్‌జూరాకి నేర్పిన అజాన్‌లో సాక్ష్యపు వాక్యాలు (అష్‌హదు...) ముందు మెల్లగా, తర్వాత మళ్లీ గట్టిగా చెప్పాలి. అలా లెక్కిస్తే 19 వాక్యాలు. సున్నీ న్యాయ సంప్రదాయాల్లో ఒకదానికి మూలపురుషుడు, మక్కాలో పెరిగిన ఇమామ్ షాఫియీ ఆ కుటుంబం వాళ్ల నోట విన్న అజాన్‌నే ఆధారం చేసుకున్నారు. ఇరాక్‌లోని కూఫాలో ఉన్న అబూ హనీఫా వర్గం (హనఫీలు) అబ్దుల్లా బిన్ జైద్ కలలోని పాఠం తీసుకుంది, మెల్లగా చెప్పడం లేదు, 15 వాక్యాలు. మదీనా ఇమామ్ మాలిక్ మా ఊరి వాడుక ఇదే అన్నారు, మొదట అల్లాహు అక్బర్ నాలుగుసార్లు కాదు రెండేసార్లు, మొత్తం 17. షియాల లెక్క 18. అందువల్ల ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్కువగా ఉన్న హనఫీ మసీదుల్లో 15 వినపడతాయి. షాఫియీలు ఎక్కువగా ఉన్న కేరళ వెళ్తే పద్ధతి ప్రకారం 19. ఏది తప్పు అని అడక్కండి. మూడు ఊళ్ల జ్ఞాపకాలు అవి.

ఫజర్‌లో మాత్రమే వినపడే 'అస్సలాతు ఖైరుమ్ మినన్నౌమ్' (నిద్ర కంటే నమాజు మేలు) ఎప్పుడు చేరింది? బిలాల్ ఒకసారి ప్రవక్తని లేపడానికి అన్నాడని, అది అలాగే ఉంచారని ఇబ్న్ మాజా సంకలనంలో ఉంది. ఇమామ్ మాలిక్ గ్రంథంలో ఇంకోలా ఉంది. ఖలీఫా ఉమర్ నిద్రలో ఉంటే ముఅజ్జిన్ వచ్చి ఆ మాట అన్నాడు, దాన్ని ఫజర్ అజాన్‌లో పెట్టమన్నారు ఉమర్. షియాలు ఈ రెండో కథ పట్టుకుని అది తర్వాత చేర్చిన మాట అంటారు. అంతేకాదు, 'హయ్య అలా ఖైరిల్ అమల్' (అన్నిటికన్నా మేలైన పనికి రండి) అనే మాట మొదట ఉండేదనీ, ఉమర్ తీయించారనీ వాళ్ల వాదన. హైదరాబాదు పాతబస్తీలో షియా మసీదు దగ్గర ఉండేవాళ్లు ఈ మాట వినే ఉంటారు. ఇది ఉత్త పండితుల చర్చగా మిగల్లేదు. 969లో షియా రాజవంశమైన ఫాతిమీలు ఈజిప్టుని గెలిచారు, మరుసటి ఏడాది ఇబ్న్ తూలూన్ మసీదులో ఈ మాటతో అజాన్ ఇప్పించారు. సున్నీ అయిన సలాహుద్దీన్ చేతికి అధికారం వచ్చాక ఆ మాట పోయింది, 1171లో ఫాతిమీల పాలనే ముగిసింది. రాజ్యం మారితే నాణెం మారినట్టు అజాన్‌లో వాక్యం మారింది.

నిజానికి ఈ గుర్తింపు సంగతి ప్రవక్త కాలంలోనే ఉంది. ఏదైనా తెగ మీదకి వెళ్లినప్పుడు తెల్లవారేదాకా ఆగేవారు, అజాన్ వినపడితే దాడి ఆపేవారు అని అనస్ చెప్పారు. 632లో ప్రవక్త పోయాక తిరుగుబాట్లు లేచినప్పుడు అబూ బక్ర్ సైన్యాలకి ఇచ్చిన ఆజ్ఞ కూడా ఇదే. అజాన్ వినపడితే ఆగండి. అరేబియాలోని యమామాలో తానూ ప్రవక్తనేనన్న ముసైలిమా కూడా సొంతంగా అజాన్ పెట్టుకున్నాడు. అతని దగ్గర పిలిచేవాడు ఒకడు "ముసైలిమా తాను దేవుని ప్రవక్తనని చెప్పుకుంటున్నాడు, దానికి నేను సాక్షి" అన్నాడని పాత చరిత్రల్లో ఉంది. గట్టిగా, స్పష్టంగా చెప్పవోయ్ అని ముసైలిమా కేకలేశాడట. మాటలో ఎంత దూరం పెట్టుకున్నాడో చూడండి ఆ మనిషి.

శుక్రవారం అదనపు అజాన్ మూడో ఖలీఫా ఉస్మాన్ కాలంలో (644–656) వచ్చింది. అప్పటిదాకా ఇమామ్ మింబర్ (ప్రసంగ వేదిక) మీద కూర్చున్నప్పుడే పిలిచేవారు. ఊరు పెరిగింది, బజారులో ఉన్నవాళ్లకి వినపడటం లేదు. అందుకని బజారులోని జౌరా అనే చోటు నుంచి ముందుగా ఇంకో పిలుపు పెట్టించారు. బుఖారీ దీన్ని 'మూడో పిలుపు' అంటారు, ఎందుకంటే ఇకామత్‌ని (నమాజు మొదలుపెట్టే ముందు మసీదులోనే చెప్పే పిలుపు) కూడా కలిపి లెక్కపెట్టారు. ఇది చదివి తికమకపడ్డ విద్యార్థులు నాకు ప్రతి ఏడాదీ దొరికేవారు.

మీనారు దగ్గరికి వద్దాం. చార్మినార్ చూస్తూ పెరిగిన మన కళ్లకి మీనారు లేని మసీదు ఊహకందదు. ప్రవక్త మసీదుకి మాత్రం అది లేదు, మొదటి నలుగురు ఖలీఫాల కాలంలోనూ లేదు. ఈజిప్టు చరిత్రకారుడు మఖ్రీజీ రాసిన ప్రకారం ఖలీఫా ముఆవియా ఆజ్ఞ మీద 673లో ఈజిప్టు గవర్నరు మస్లమా, ఇప్పటి కైరోలో భాగమైన ఫుస్తాత్‌లోని అమ్ర్ మసీదుకి మూలల్లో పిలుపు కోసం చిన్న కట్టడాలు లేపించాడు. వాటిని 'సౌమఅ' అన్నారు, క్రైస్తవ సన్యాసి గదికి వాడే మాట అది. మీనారు అన్న మాటకి మూలమైన 'మనార' అంటే వెలుగు ఉండే చోటు, దీపస్తంభం. డమాస్కస్‌లో పాత రోమన్ గుడి ప్రహరీ మూలల బురుజులు అప్పటికే ఉన్నాయి, వాటినే వాడుకున్నారు. మదీనా మసీదుకి నాలుగు మూలలా నాలుగు వచ్చింది ఖలీఫా వలీద్ కాలంలో, 707–709 మధ్య తిరిగి కట్టినప్పుడు.

వచ్చాక అందరూ సంతోషించలేదు. ఆ నాలుగిట్లో ఒకటి మర్వాన్ ఇంటి మీదకి ఉండేది. ఖలీఫా సులైమాన్ హజ్‌కి వచ్చి ఆ ఇంట్లో దిగినప్పుడు పైనున్న ముఅజ్జిన్ నీడ ఆయన మీద పడిందట. కూలగొట్టించాడు. ఇరాక్ గవర్నరు ఖాలిద్ అల్-ఖస్రీ అయితే, ముఅజ్జిన్‌లకి పైనుంచి డాబాల మీది ఆడవాళ్లు కనపడతారని ఒక కవి సరదాగా రాసిన పద్యం విని మీనార్లు పడగొట్టించాడని చెబుతారు. చూపు లేనివాళ్లని ముఅజ్జిన్‌లుగా పెట్టుకుంటే మంచిదన్న మాట తర్వాతి కాలంలో వినపడేది అందుకే. ఇక 9వ శతాబ్దంలో ఇరాక్‌లోని సమర్రాలో కట్టిన, మెలికలు తిరిగే మీనారు 50 మీటర్లకి పైగా ఎత్తు. దాని కొస నుంచి అరిస్తే కింద మాట ఏం తెలుస్తుంది? అంత ఎత్తు గొంతు కోసం కాదు, దూరం నుంచి కనపడటం కోసం అనే కళా చరిత్రకారుల వాదన నాకు సబబుగా తోస్తుంది.

జీతం మాట కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నా. అజాన్‌కి కూలి తీసుకోనివాణ్ణి ముఅజ్జిన్‌గా పెట్టుకో అని ప్రవక్త ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్‌కి చెప్పినట్టు హదీసుంది. రోజూ ఐదుసార్లు వేళకి ఉండాల్సిన మనిషి ఇల్లెలా గడుపుకుంటాడన్న ప్రశ్న తర్వాతి న్యాయవేత్తల్ని చాలాకాలం వేధించింది. చివరికి చాలామంది వేతనానికి ఒప్పుకున్నారు. మన రెండు రాష్ట్రాల్లో ఇమామ్‌లకి, మౌజన్‌లకి ఇచ్చేదాన్ని 'గౌరవ వేతనం' అనడం చూసినప్పుడల్లా నాకు ఆ పాత చర్చ గుర్తొస్తుంది.

చివరిగా సూర్యుడి కథ. బిలాల్‌కి 'ష' పలకదని, 'అష్‌హదు'ని 'అస్‌హదు' అనేవాడని, అందుకని ఆయన్ని మాన్పించి వేరేవాళ్ల చేత అజాన్ ఇప్పిస్తే తెల్లవారనే లేదని మన దేశంలో ఉపన్యాసాల్లో తరచూ చెబుతారు. నేనూ చిన్నప్పుడు విని కళ్లు తుడుచుకున్నవాణ్ణే. పాత సంకలనాల్లో ఎక్కడా లేదిది. 'స' పలికేవాడన్న మాటకి మూలమే లేదని 14వ శతాబ్దపు పండితుడు ఇబ్న్ కసీర్ అప్పుడే రాశారు. గొంతు బాగుందనే ఎంచుకున్న మనిషికి పలుకు సరిగా రాదనడం అసలు కథకే అడ్డం తిరుగుతుంది. ప్రవక్త పోయాక బిలాల్ సిరియా వెళ్లిపోయి, కలలో ప్రవక్త పిలిస్తే మదీనా తిరిగొచ్చి, ప్రవక్త మనవలు హసన్ హుసేన్‌లు అడిగితే అజాన్ ఇచ్చాడన్న ఇంకో కథ కూడా బలహీనమని హదీసు విమర్శకులు తేల్చారు.

వాటికంటే నిలబడే కథనం ఒకటుంది. ప్రవక్త పోయాక బిలాల్ అజాన్ మానేశాడు. అబూ బక్ర్ ఉండమన్నా ఉండకుండా సైన్యంతో సిరియా వెళ్లాడు. కొన్నేళ్లకి ఖలీఫా ఉమర్ సిరియాలో జాబియా శిబిరానికి వచ్చినప్పుడు, ఒక్కసారి పిలవమని బిలాల్‌ని అడిగారు. పిలిచాడు. మదీనా రోజులు చూసినవాళ్లంతా ఏడ్చారు, అందరికంటే ఎక్కువ ఉమర్ ఏడ్చారని రాశారు. బిలాల్ సుమారు 640లో డమాస్కస్‌లో పోయాడు. బాబ్ అస్సగీర్ శ్మశానంలో ఆయన సమాధి అని ఇప్పటికీ చూపిస్తారు.